డాలర్లు అడుగంటినప్పుడు ఎవరు కడతారు

పెట్రోలు రేటు పెరిగినా, రూపాయి పడినా నేనున్న వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే ప్రశ్న వస్తుంది: ప్రభుత్వం తలుచుకుంటే ఆపలేదా అని. ఆపగలదు. కొన్నాళ్లపాటు నిజంగానే ఆపగలదు. కానీ ఆపినన్నాళ్లూ ఆ తేడా ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. ఒకసారి ఆయిల్ కంపెనీలు కడతాయి, ఒకసారి బడ్జెట్ కడుతుంది, ఒకసారి రిజర్వ్ బ్యాంకు దాచుకున్న డాలర్లు కరిగిపోతాయి, అవన్నీ అయిపోయాక మాత్రం అందరం కలిసి ఒకేరోజు కడతాం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను బ్యాంకులో ఫారిన్ ఎక్స్ఛేంజ్ పని చూశాను కాబట్టి ఈ "ఒకేరోజు" అన్నది ఎలా ఉంటుందో బాగా దగ్గర నుంచి చూశాను. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. బయటి నుంచి వచ్చే దెబ్బను ఏ పేద దేశమూ ఆపలేదు, కానీ ఎంత ఆలస్యంగా సర్దుకుంటుంది, ఆ భారం ముందు ఎవరి నెత్తిన పెడుతుంది అనేవి మాత్రం పూర్తిగా ఆ దేశం చేతిలోనే ఉంటాయి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి వెళ్లాయి. జులైలో పీపా పదిహేడు డాలర్ల దగ్గర ఉన్న క్రూడ్ ఆయిల్ అక్టోబరుకల్లా నలభైని తాకింది. మనకు ఆ దెబ్బ రెండువైపుల నుంచీ తగిలింది. ఒకవైపు నూనె బిల్లు పెరిగింది, రెండోవైపు కడప, కరీంనగర్, కోనసీమల నుంచి వెళ్లి అక్కడ పనిచేస్తూ ఇంటికి డబ్బు పంపేవాళ్లే కట్టుబట్టలతో తిరిగొచ్చారు. జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా సుమారు లక్షా డెబ్బై వేలమందిని విమానాల్లో తెచ్చారు. వాళ్లను తీసుకురావడం గొప్ప పని, అందులో అనుమానం లేదు. కానీ ఊళ్లో ఆ కుటుంబాల దగ్గర ఆగిపోయిన మనీ ఆర్డర్లూ డ్రాఫ్టులూ, ఢిల్లీలో కరిగిపోతున్న డాలర్లూ ఒకే నష్టానికి రెండు ముఖాలు.

అయితే కువైట్ ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. 1980లలో మనం సంపాదన కంటే ఎక్కువ ఖర్చుపెట్టాం, ఆ తేడాను విదేశీ అప్పుతో పూడ్చాం, అందులోనూ చివరికి వచ్చేసరికి తక్కువ గడువు అప్పులు, ఎన్నారై డిపాజిట్లు ఎక్కువైపోయాయి. 1990-91లో కేంద్రం లోటు జీడీపీలో 8 శాతం దాటింది. ఎన్నారై డిపాజిట్టు సుఖం ఏమిటంటే మంచిరోజుల్లో అడక్కుండానే వస్తుంది, చెడ్డరోజుల్లో అడక్కుండానే పోతుంది. దేశాల అప్పు తీర్చే సత్తాకు మార్కులు వేసే రేటింగ్ ఏజెన్సీలు మన గ్రేడు తగ్గించగానే అవి బయటికి పారాయి. సరిగ్గా అప్పుడే ఢిల్లీలో నిలకడైన ప్రభుత్వం లేదు. వీపీ సింగ్ పోయి చంద్రశేఖర్ వచ్చారు, 1991 ఫిబ్రవరిలో పూర్తి బడ్జెట్ కూడా పెట్టలేకపోయారు, మార్చిలో ఆయనా రాజీనామా చేశారు. అంటే యుద్ధం మొదలైన దగ్గర్నుంచి దాదాపు ఏడాదిపాటు రూపాయి విలువ గురించీ, లోటు గురించీ పెద్ద నిర్ణయం తీసుకునే రాజకీయ బలం ఎవరికీ లేదు.

మరి ఆ ఏడాది ఏం చేశారు? దిగుమతులను గొంతు పిసికారు. ఇది పేపర్లలో పెద్దగా రాలేదు, పాఠ్యపుస్తకాల్లోనూ ఒక్క వాక్యంతో సరిపెడతారు, కానీ మా డెస్కు మీద రోజూ కనిపించింది ఇదే. బయటి నుంచి సరుకు తెప్పించాలంటే ఎల్‌సీ, అంటే అమ్మేవాడికి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ, తెరవాలి, దానికి ముందుగా బ్యాంకులో కొంత మార్జిన్ డబ్బు కట్టాలి. ఆ మార్జిన్‌ను 1990 అక్టోబరులో 50 శాతం చేశారు, 1991 మార్చిలో 133 శాతానికి, ఏప్రిల్‌లో 200 శాతానికి పెంచారు. యంత్రాల్లాంటి వాటికి మినహాయింపులున్నాయి, కానీ మామూలు ముడిసరుకుకు లేవు. పది లక్షల సరుకు తెప్పించుకోవడానికి ఇరవై లక్షలు బ్యాంకులో కట్టి కూర్చోవాలి. ఆపైన దిగుమతి రుణం మీద వడ్డీకి సర్‌చార్జీ.

బాలానగర్‌లో చిన్న యూనిట్ నడిపే ఒకాయన ఉండేవారు. పంపుల విడిభాగాలు చేసేవారు, వాటికి కావలసిన ఒక రకం స్టీలు రాడ్లు ఇక్కడ దొరకవు. ప్రోఫార్మా ఇన్వాయిస్ పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. సర్క్యులర్ చూపించాను. రెండుసార్లు చదివి, "ఏమండీ, సరుకుకు రెండింతల డబ్బు నా దగ్గరే ఉంటే నేను షెడ్డు నడపడం ఎందుకు, మీ దగ్గరే ఫిక్స్‌డ్‌లో వేసుకుని ఇంట్లో కూర్చోనా?" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో, నిజంగానే అడుగుతున్నారు. ఫైలు నా టేబుల్ మీదే వదిలేసి వెళ్లిపోయారు. తర్వాత షిఫ్టు తగ్గించారని, కుర్రాళ్లను కొందరిని పంపించేశారని తెలిసింది. ఆ కుర్రాళ్లు రూపాయి విలువ తగ్గించడాన్ని సమర్థించారా, వ్యతిరేకించారా అని ఎవరూ అడగలేదు. రూపాయి విలువను కాగితం మీద కాపాడుతున్నన్నాళ్లూ ఆ ధర వాళ్లు కట్టారు. అందుకే "రేటు ఆపండి" అని ఎవరైనా సులువుగా అంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. 1991-92లో మన పారిశ్రామిక ఉత్పత్తి ఎదుగూ బొదుగూ లేకుండా ఆగిపోయింది. దానికి ఈ పిసుకుడు పెద్ద కారణం.

బంగారం సంగతి అందరికీ తెలుసు కాబట్టి త్వరగా చెప్తాను. 1991 మేలో స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నులు స్విట్జర్లాండ్‌కు పోయింది. అది స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న ప్రభుత్వ బంగారం. దాని మీద వచ్చింది ఇరవై కోట్ల డాలర్లు. జులైలో రిజర్వ్ బ్యాంకు దగ్గర దగ్గర 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర కుదువపెట్టి నలభై కోట్ల డాలర్లు తెచ్చింది. దేశం పరువు పోయిందని ఏడ్చినవాళ్లున్నారు. నా దృష్టిలో అది పరువు నిలబెట్టిన పని. ఒక్క విదేశీ వాయిదా కూడా ఎగ్గొట్టలేదు మనం. ఆ ఏడాదిలోపే అప్పు తీర్చి బంగారం విడిపించుకున్నాం.

జూన్ 21న పీవీ నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి ఖజానాలో ఉన్న డాలర్లు రెండు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోతాయి. పది రోజులు తిరక్కుండానే జులై 1న రూపాయి విలువ సుమారు 9 శాతం తగ్గించారు, 3న ఇంకో 11 శాతం. ఇరవై ఒక్క రూపాయల దగ్గరున్న డాలరు ఇరవై ఆరుకు చేరింది. మొదటి విడతకే వచ్చిన గోల చూసి పీవీ రెండో విడత ఆపమన్నారని, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ రిజర్వ్ బ్యాంకులో డిప్యూటీ గవర్నర్ రంగరాజన్‌కు ఫోన్ చేసేసరికి అది అప్పటికే జరిగిపోయిందని తర్వాత బయటికి వచ్చింది. పీవీని ఈ కథతో తక్కువ చేసేవాళ్లున్నారు. నాకైతే అలా అనిపించదు. మైనారిటీ ప్రభుత్వం నడుపుతున్న మనిషికి ఆ ఉదయం వెన్నులో వణుకు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. వణుకుతూనే జులై 24 బడ్జెట్ దాకా వెనక్కి తగ్గకుండా నడిచారు.

ఇక ఆ బడ్జెట్‌లో అసలు నొప్పి ఎరువుల దగ్గర వచ్చింది. ధర 40 శాతం పెంచుతున్నామన్నారు. సొంత పార్టీ ఎంపీలే లేచారు. రెండు వారాల్లో 30 శాతానికి దించారు, చిన్న, సన్నకారు రైతులకు పెంపు లేదన్నారు. వినడానికి న్యాయంగా ఉంది. కానీ డీలరు దగ్గర బస్తా అడిగేవాడు రెండెకరాల ఆసామో ఇరవై ఎకరాల ఆసామో ఎవరు తేలుస్తారు? ఏ కాగితం చూపించాలి? కౌలుకు చేసేవాడి దగ్గర ఏ కాగితం ఉంటుంది? ఆ తేడా నేలమీద నిలబడలేదు. మరుసటి ఏడాది, 1992 ఆగస్టులో, ఇంకో అడుగు వేశారు. డీఏపీ, పొటాష్‌ల మీద కంట్రోలు ఎత్తేశారు, యూరియా మీద మాత్రం ఉంచడమే కాదు, దాని ధర 10 శాతం తగ్గించారు కూడా. ఏమవుతుందో చెప్పడానికి ఆర్థికవేత్త అక్కర్లేదు. రైతు డీఏపీ, పొటాష్ తగ్గించి యూరియా గుమ్మరించాడు. ఒక పాలు పొటాష్‌కు ఆరు పాళ్లదాకా ఉండే నత్రజని (యూరియాలో ఉండేది ఇదే) ఒక్క ఏడాదిలో తొమ్మిదిన్నర పాళ్లకు పోయింది. మన డెల్టాల్లో ఈరోజు వరి చేను ఆకుపచ్చగా ఏపుగా నిలబడి తెగుళ్లు పట్టి పడిపోతుంటే దానికి వేర్లు ఆ సర్దుబాటులో ఉన్నాయి. ఏ ధర రాజకీయంగా కదిలించడం సులువో దాన్ని కదిపి, కష్టమైనదాన్ని ముట్టుకోకుండా వదిలేశారు. ఆ వంకర ముప్పై ఏళ్లు దాటినా పోలేదు.

శ్రీలంక కథ ఇంతకంటే చేదుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ప్రభుత్వానికి మెజారిటీ లేకపోవడం కాదు సమస్య. కావలసినంత మెజారిటీ ఉంది. 2019 ఏప్రిల్‌లో ఈస్టర్ రోజు బాంబులు పేలాయి, టూరిజం పడిపోయింది. ఆ ఏడాది చివర కొత్త ప్రభుత్వం వచ్చి వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి తగ్గించింది. నెలలు తిరిగేసరికి కరోనా. 2019 చివర 760 కోట్ల డాలర్లున్న నిల్వలు 2021 చివరికి సగం కూడా లేవు, ఉన్నవాటిలోనూ చైనాతో చేసుకున్న స్వాప్ (ఒకరి కరెన్సీ ఒకరు కొన్నాళ్లకు మార్చుకునే ఒప్పందం) పెద్ద భాగం, అది తీసి దిగుమతులకు వాడుకునేది కాదు. అయినా డాలరు దగ్గర దగ్గర రెండు వందల లంక రూపాయలే అని పట్టుబట్టారు. వీధిలో అంతకంటే చాలా ఎక్కువ ఇస్తుంటే గల్ఫ్‌లో పనిచేసే లంక మనిషి బ్యాంకు ద్వారా ఎందుకు పంపుతాడు? పంపలేదు. 2020లో 710 కోట్ల డాలర్లు వచ్చిన చోట 2021లో 550 కోట్లే వచ్చాయి. డబ్బు ఇళ్లకు చేరుతూనే ఉంది, హవాలాలో. సెంట్రల్ బ్యాంకుకే చేరలేదు. రేటు నిలబెట్టడానికి ఖర్చుపెట్టిన డాలర్లు ఒక లెక్క, ఆ రేటు వల్ల రాకుండా పోయిన డాలర్లు ఇంకో లెక్క.

దీనికి తోడు 2021లో రసాయన ఎరువుల దిగుమతి నిషేధించారు. సేంద్రియం అని పేరు పెట్టారు గానీ, డాలర్లు మిగుల్తాయన్న ఆశ కూడా దాని వెనక ఉందని నా నమ్మకం. పంట పడిపోయి, బియ్యం దిగుమతి చేసుకోవలసి వచ్చి, నవంబరులో నిషేధం వెనక్కి తీసుకునేసరికి అక్కడ 'మహా' అని పిలిచే పెద్ద పంట సీజన్ నాట్లు అయిపోతున్నాయి. 2022 జనవరిలో దేశంలో మందులకూ గ్యాసుకూ కటకటగా ఉంటే, యాభై కోట్ల డాలర్ల బాండు అప్పు ఒకటి ఠంచనుగా చెల్లించారు. పరువు కోసమే కావచ్చు. కానీ మూడు నెలలు తిరిగేసరికి, ఏప్రిల్ 12న, విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేస్తున్నామని ప్రకటించారు. ఆ యాభై కోట్లు ఎన్ని నెలల మందులయ్యేవో ఎవరైనా లెక్క కడితే చూడాలని ఉంది.

అంతకు ముందే, మార్చిలో, డాలరు రేటు మీద పట్టు వదిలారు. మేనాటికి డాలరు 360 రూపాయలు. 2021 డిసెంబరులో 177 ఉన్న లీటరు పెట్రోలు మే చివరికి 420 అయింది. డీజిలు 121 నుంచి 400. సెంట్రల్ బ్యాంకు కొత్త గవర్నర్ నందలాల్ వీరసింఘె వచ్చీ రాగానే వడ్డీ రేటు ఒకేసారి 7 శాతం పాయింట్లు పెంచారు. 2014 తర్వాత ముట్టుకోని కరెంటు చార్జీలు ఆగస్టులో సగటున 75 శాతం పెంచారు. సెప్టెంబరుకు కొలంబోలో ద్రవ్యోల్బణం 70 శాతం దగ్గర. రెండేళ్లలో నెమ్మదిగా ఎక్కాల్సిన మెట్లన్నీ ఆరు నెలల్లో ఎక్కించారు, అదీ జీతాలు పెరగనివాళ్ల చేత. క్యూఆర్ కోడు చూపిస్తే వారానికి ఇన్ని లీటర్లని పెట్రోలు పోసిన రోజులవి. ఆ సమయంలో మన దేశం రకరకాలుగా సుమారు నాలుగు వందల కోట్ల డాలర్ల సాయం చేసింది. పొరుగువాళ్లుగా మనం చేసిన మంచి పనుల్లో అదొకటని మనస్ఫూర్తిగా అనుకుంటాను. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) రుణం వచ్చేసరికి 2023 మార్చి అయింది.

ఐఎంఎఫ్‌ను తిట్టేవాళ్లతో నాకు సగమే పేచీ. వాళ్ల షరతులు కఠినంగా ఉంటాయి, పేదవాడి మీద పడకుండా చూడడం వాళ్లకు ఎప్పుడూ రెండో పనే. కానీ వాళ్ల గుమ్మం దగ్గరికి చేతులు ఖాళీగా వెళ్లడమా, కొంత మిగిలి ఉండగా వెళ్లడమా అన్నది మన నిర్ణయం. ఖాళీగా వెళ్లినవాడికి బేరం ఉండదు.

2013 చాలామందికి గుర్తుండే ఉంటుంది, ముఖ్యంగా అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్న పిల్లలకు ఫీజులు పంపినవాళ్లకు. మే 22న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ చైర్మన్ బెర్నాంకీ బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చని ఒక మాట అన్నారు. అంతే, అక్కడ వడ్డీలు పెరుగుతాయన్న అంచనాతో మనలాంటి దేశాల నుంచి డబ్బు తిరుగుముఖం పట్టింది. యాభై అయిదు దగ్గరున్న డాలరు ఆగస్టు 28న అరవై ఎనిమిది దాటింది. సెమిస్టర్ ఫీజు లెక్కేసుకున్న తండ్రులు కౌంటరు దగ్గర నిలబడి "రేపు తగ్గుతుందా సార్?" అని అడిగేవారు. ఆ టెన్షన్ చూస్తుంటే ఏదో ఒకటి చెప్పాలనిపించేది, చెప్పకూడదు. అప్పుడు రిజర్వ్ బ్యాంకు గవర్నర్ మన దువ్వూరి సుబ్బారావు. రూపాయిని కొంత పడనిచ్చారు, బ్యాంకులకు స్వల్పకాలిక డబ్బు ఖరీదు చేశారు. కేంద్రం బంగారం మీద సుంకం ఆ ఏడాదిలోనే 10 శాతానికి తీసుకెళ్లింది. తర్వాత రఘురామ్ రాజన్ వచ్చి ఎన్నారై డాలర్ డిపాజిట్లకు బ్యాంకులకు చవగ్గా స్వాప్ ఇచ్చారు, దాంతో 2600 కోట్ల డాలర్లు వచ్చాయి. 1991లో మనల్ని వదిలి పారిపోయిన డిపాజిట్టే ఇది, ఈసారి మూడేళ్ల గడువుకు కట్టేసి తెచ్చారు. ఆ ఒక్క షరతులో ఎంత అనుభవం ఉందో!

కానీ ఆ ఏడాదికి సంబంధించి నాకు బాగా నచ్చేది ఇవేవీ కావు. డీజిలు. 2013 జనవరి నుంచి, అంటే బెర్నాంకీ నోరు విప్పకముందు నుంచే, డీజిలు లీటరుకు నెలకు అర్ధ రూపాయి చొప్పున పెంచుకుంటూ పోయారు. ఎవరూ పెద్దగా గోల చెయ్యలేదు, లారీవాళ్లు కిరాయిలు సర్దుకున్నారు, ఆటోవాళ్లు సణిగారు. ఇంతలో 2014 చివర క్రూడ్ ధర పడిపోయింది, అక్టోబరులో కంట్రోలు పూర్తిగా ఎత్తేసినరోజు రేటు పెరగలేదు, తగ్గింది. ఒక ప్రభుత్వం మొదలుపెట్టింది, ఇంకో ప్రభుత్వం పూర్తి చేసింది, రెండూ దాన్ని మధ్యలో వదిలెయ్యలేదు. ధరను నిజం చెయ్యడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి నేను చూడలేదు.

అలాగే వైవీ రెడ్డి రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌గా ఉన్న 2003-08 కాలం. డబ్బు వరదలా వస్తున్న రోజుల్లో రియల్ ఎస్టేట్ అప్పుల మీద నిబంధనలు బిగిస్తుంటే ఆయన్ను ఛాందసుడన్నారు. నిల్వలు మూడు వందల బిలియన్ డాలర్లకు చేరాయి. 2008లో అమెరికాలో లేమాన్ బ్యాంకు కూలినప్పుడు మన బ్యాంకులు నిలబడ్డాయి. 1991లో ఆర్థిక శాఖలో కూర్చుని విదేశీ చెల్లింపుల లెక్క చూసిన అధికారుల్లో ఆయన ఒకరు. రెండు వారాల డాలర్లు మాత్రమే మిగలడం అంటే ఏమిటో చూసిన మనిషి అలా చెయ్యడంలో నాకు ఆశ్చర్యం లేదు.

ఇక ఎరువులు. 2021, 22లలో గ్యాసు ధర పెరిగి, ఆపైన యుక్రెయిన్ యుద్ధం వచ్చి, ప్రపంచమంతా ఎరువుల ధరలు మండిపోయాయి. మన దగ్గర యూరియా బస్తా రేటు కదల్లేదు, డీఏపీ 1350 దగ్గర ఆగింది. 2022-23లో కేంద్రం ఎరువుల సబ్సిడీకి సుమారు రెండున్నర లక్షల కోట్లు పెట్టింది. ఆ సంవత్సరం అలా చెయ్యడం సరైనదే అంటాను, లంకలో పొలాలు ఏమయ్యాయో చూశాక ఇంకేం అనగలం? కానీ ధరలు మళ్లీ దిగొచ్చిన ఏడాదుల్లో ఆ వంకర సరిచేసే పని ఎవరూ మొదలుపెట్టలేదు. యూరియా, డీఏపీల మధ్య తేడాను డీజిలు పద్ధతిలో సీజనుకు కొంచెం కొంచెంగా తగ్గించవచ్చు. దానికంటే ముందు, మిగిలే డబ్బు పాసు పుస్తకం ఉన్న పట్టాదారు ఖాతాలోకి కాకుండా చేనులో దిగి మందు చల్లే కౌలు రైతుకు చేరే దారి వెయ్యాలి. గుంటూరులోనో పశ్చిమ గోదావరిలోనో కౌలు కార్డు కోసం తిరిగి తిరిగి వదిలేసినవాళ్లను అడగండి, ఆ దారి ఎక్కడ తెగిపోయిందో వాళ్లు చెప్తారు. 1991లో సన్నకారు రైతును గుర్తుపట్టలేక ఆ మినహాయింపు గాలికి పోయింది. ఇంకోసారి గల్ఫ్ నూనె ఓడలు దాటే హార్ముజ్ జలసంధి దగ్గరో మరెక్కడో ఓడలు ఆగితే, అప్పటికప్పుడు ఆ జాబితా తయారు చెయ్యడానికి టైము ఉండదు.